తాతయ్యకి ఏ పాట పెట్టాలి

చిన్నీ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. పక్క గదిలో తాతయ్య మెలకువగానే ఉన్నారు. ఆయన వింటుండగా ఆయన గురించి ఆయన అక్కడ లేనట్టు మాట్లాడటం నాకు మనసొప్పదు. "నన్ను గుర్తుపట్టకపోతే ఏం చెయ్యాలమ్మా? ఆయనతో ఏం మాట్లాడాలి?" అన్నావు. నీ గొంతులో టెన్షన్ నాకు తెలుస్తూనే ఉంది. ఫోన్లో అరకొరగా చెప్పే సంగతి కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఉన్నమాట చెప్పేస్తాను. నువ్వు ఆయన్ని చూడ్డానికి వచ్చినప్పుడు ఆయన నిన్ను పేరు పెట్టి పిలవకపోవచ్చు. అల్జీమర్స్ అనే ఈ మతిమరుపు జబ్బు వల్ల నన్నే కొన్నిసార్లు వాళ్ల అక్క అనుకుంటున్నారు. నిన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అని ఎంతో మర్యాదగా అడగొచ్చు. ఆ మాట గుచ్చుకుంటుంది. గుచ్చుకోదని నీకు ధైర్యం చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. కానీ ఏం మాట్లాడాలా అని మాత్రం బెంగపడకు. పాట పెట్టు. ఏ పాట, ఏ వేళప్పుడు, ఎలా అన్నది కింద రాస్తాను. ఈమధ్య దీని గురించి దొరికినదల్లా చదువుతున్నాను. చదివినదానికంటే ఆయన్ని పక్కనుండి చూస్తూ తెలుసుకున్నదే ఎక్కువ.

మొన్న మధ్యాహ్నం ఏం జరిగిందో విను. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. చూపు కిటికీ వైపు ఉంది గానీ దేన్నీ చూస్తున్నట్టు లేదు. పొద్దుట్నుంచీ ఒక్క మాటా లేదు. నేను బట్టలు మడతపెట్టుకుంటూ ఫోన్లో పాత పాటలు పెట్టుకున్నాను. రెండు పాటలు అలా గడిచిపోయాయి. మూడోది మొదలైంది. ముందు వయొలిన్లు, వాటి వెనకాల తబలా. గాయని ఇంకా అందుకోనేలేదు, ఆయన కుడిచెయ్యి కుర్చీ చేతి మీద కదిలింది. మొదట ఉంగరం వేలు ఒక్కటే, కాసేపటికి అరచెయ్యి మొత్తం. తాళం ఎక్కడా జారలేదు. పల్లవి అయ్యి, చరణానికి ముందు వాయిద్యాలు మాత్రమే వచ్చే చోట చెయ్యి పైకెత్తి అలాగే గాల్లో ఉంచేశారు. ఎందుకా అనుకునేలోపే అక్కడ తబలా ఆగింది. ఆగుతుందని ఆయనకి ముందే తెలుసు! చరణం తనే ఎత్తుకున్నారు. గొంతు పీలగా ఉంది గానీ శ్రుతి కుదిరింది. నేనూ గొంతు కలిపాను. రెండో చరణంలో నాకు సాహిత్యం అందని చోట ఆయనే అందించారు.

పాట అయ్యాక నవ్వుతూ, "వాడు వెనక కూర్చుని ఈల వేసేవాడు" అన్నారు. ఎవరు నాన్నా అంటే, "తమ్ముడు" అన్నారు. వాళ్లిద్దరూ ఒకే సైకిల్ మీద రాత్రిపూట ఇంటికొస్తున్నారట. వాన. సైకిల్‌కి డైనమో దీపం. తొక్కితేనే వెలుగు. ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కడం నెమ్మదిస్తే దీపం మసకబారేదట. అప్పుడు చిన్నతాతయ్య ఈల ఆపి "తొక్కరా అన్నయ్యా, తొక్కు, కనపడట్లేదు" అని అరిచేవాడట. గొడుగు ఒక్కటే ఉంటే అది కూడా ఆయనే పట్టుకున్నాడట. ఇంత కథా నాకు ఎన్నడూ చెప్పనిది. నేను పుట్టకముందు ఎప్పుడో జరిగినది. ఒక్క పాట దాన్ని నా ముందుకి తెచ్చి పెట్టింది. ఆ పొద్దున డాక్టరు ఇంటికొచ్చి బీపీ చూసి వెళ్లిన సంగతి మాత్రం ఆయనకి తెలీదు.

ఇదెలా సాధ్యం అని నువ్వు తప్పక అడుగుతావు కాబట్టి నాకు అర్థమైనంత చెబుతాను.

మనం జ్ఞాపకశక్తి అని ఒకే పేరు పెట్టి పిలుస్తాం గానీ లోపల అది ఒక్క పని కాదు. నిన్న ఏం జరిగింది, ఎవరు వచ్చారు అన్నవి పోగుచేసుకోవడానికి కణతల లోపలివైపు ఉండే హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం కావాలి. అల్జీమర్స్ ముందుగా పాడుచేసే చోట్లలో అదొకటి. అందుకే కొత్తగా జరిగేది ఏదీ ఆయనలో నిలవడం లేదు. సైకిల్ తొక్కడం, వాయిద్యం వాయించడం లాంటివి మాత్రం మెదడులో వేరే భాగాలు చూసుకుంటాయి. అవి చాలాకాలం వరకు చెక్కుచెదరవు. వందలసార్లు విని, పాడి, నోటికొచ్చిన పాట కొంత ఇటు, కొంత అటు ఉంటుంది. సంఘటనగా గుర్తుంటుంది, ఒంటికి అలవాటుగానూ మిగిలి ఉంటుంది. ఒక దారి మూసుకుపోయినా ఇంకో దారి తెరిచి ఉంటుంది.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2015లో ఇంకాస్త దగ్గరగా చూశారు. ఎన్నాళ్లుగానో తెలిసిన పాటలు వింటున్నప్పుడు మెదడులో ఏయే చోట్లు పనిచేస్తాయో ముందు ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో గుర్తించారు. తర్వాత అల్జీమర్స్ ఉన్నవాళ్లలో అవే చోట్లు ఎలా ఉన్నాయో చూశారు. మిగతా మెదడుతో పోలిస్తే అక్కడ కుంచించుకుపోవడం చాలా తక్కువగా ఉంది. ఇది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. మనుషుల్ని, పేర్లని, ఇంటి దారిని తీసుకుపోయే జబ్బు పాట దగ్గరికి చివర్న గానీ రాదన్నమాట.

బ్రిటన్‌లో క్లైవ్ వేరింగ్ అనే సంగీతకారుడి కథ చదివాను. 1985లో వైరస్ వల్ల మెదడువాపు వచ్చి, కొత్త జ్ఞాపకం అరనిమిషం కూడా నిలవని స్థితికొచ్చాడు. భార్య గదిలోంచి బయటికెళ్లి తిరిగొస్తే, ఎన్నో ఏళ్ల తర్వాత చూస్తున్నట్టు ఆనందపడిపోయేవాడు. అలాంటి మనిషి ముందు పియానో పెడితే స్వరాలు చూసి వాయించేవాడు. గాయకబృందాన్ని నడిపించగలిగేవాడు. పాట నడుస్తున్నంతసేపు తర్వాత ఏం రావాలో ఆయనకి తెలుసు. పాట ఆగిందో, మళ్లీ అంతా శూన్యం. నాకు దీంట్లో కనిపించింది ఏంటంటే, పాట మనిషికి కొద్దిసేపు నడిచే దారి ఇస్తుంది. ఒక్కో స్వరం తర్వాతి స్వరం దగ్గరికి చేరుస్తుంది. తాతయ్య తబలా ఆగబోయే ముందే చెయ్యి ఎత్తడం అదే. ఏం రాబోతోందో తెలియక రోజంతా కంగారుపడే మనిషికి ఆ కాసేపు రాబోయేది ముందే తెలుస్తుంది. ఆయన మొహంలో నేను చూసిన నెమ్మదికి సగం కారణం అదేనని నా నమ్మకం.

మాంట్రియల్‌లో 2011లో చేసిన ఒక పరిశోధన కూడా దీనికి దగ్గరగానే ఉంది. ఇష్టమైన పాట వింటుంటే ఒళ్లు జలదరించే చోటు ఒకటి ఉంటుంది కదా, ఆ చోటు దగ్గర మెదడులో డోపమిన్ అనే, ఆనందంతో ముడిపడ్డ రసాయనం విడుదలవుతుంది. అంతేకాదు, ఆ చోటు రాబోతోందని ఎదురుచూస్తున్నప్పుడు కూడా మెదడులోని వేరే భాగంలో అది విడుదలవుతుంది. వచ్చినప్పుడు ఎంతో, వస్తుందని తెలిసినప్పుడూ అలాగే. తెలిసిన పాటని మళ్లీ మళ్లీ పెట్టుకోవడం విసుగనిపించకపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

పాటకీ సొంత జ్ఞాపకానికీ ముడి ఎక్కడ పడుతుందో అమెరికాలో పెట్ర్ జనాటా అనే శాస్త్రవేత్త 2009లో చూపించాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో విద్యార్థులకి వాళ్ల చిన్నప్పటి పాటల ముక్కలు వినిపిస్తూ మెదడు స్కాన్ చేశాడు. తన జీవితంలోని ఏదో ఒకటి గుర్తొచ్చిన పాట దగ్గర నుదుటి వెనకాల, మధ్యగా ఉండే భాగం ఎక్కువ చురుగ్గా కనిపించింది. మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు పనిచేసే చోటు కూడా అదే. అల్జీమర్స్‌లో అది మిగతావాటికంటే ఆలస్యంగా దెబ్బతింటుంది. అయోవా విశ్వవిద్యాలయంలో ఇంకొకరు పాటల్నీ ప్రసిద్ధుల ఫొటోల్నీ పక్కపక్కన పెట్టి పోల్చారు. ఫొటోలు చూసి చెప్పిన జ్ఞాపకాలకంటే పాటలు విని చెప్పినవాటిలో వివరం ఎక్కువగా ఉంది. మనింట్లోనూ అంతే చూశాను. ఆల్బమ్ ముందు పెడితే ఆయన "బాగున్నారు" అని పక్కనపెట్టేస్తారు. పాటకైతే డైనమో దీపం దాకా వచ్చింది.

ఇప్పుడు నీకు కావాల్సిన విషయం: ఏ పాట?

ఆయనకి బాగా ఇష్టమైన పాట ఏదని వెతక్కు. ఆయన ఏ వయసులో విన్న పాట అన్నది చూడు. పెద్దవాళ్లని జీవితంలోని జ్ఞాపకాలు చెప్పమంటే సుమారు పదేళ్ల వయసు నుంచి ముప్ఫై దాకా జరిగినవే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రంలో ఎప్పట్నుంచో తెలుసు. పాటల విషయంలో అది ఇంకా ముందుకి, పదుల వయసులోకి జరుగుతుంది. ఆ వయసులో అన్నీ మొదటిసారివే. మొదటి స్నేహం, మొదటిసారి ఇల్లు వదలడం, మొదటి జీతం, ఎవరికీ చెప్పుకోని ఇష్టం. నేనెవర్ని అని మనిషి తేల్చుకునే కాలం. ఆ కాలమంతా పక్కన ఏ పాట మోగుతుంటే అది దానికి అంటుకుపోతుంది. కాబట్టి తాతయ్యకి పద్నాలుగు పదిహేనేళ్ల నుంచి పాతికేళ్ల మధ్యలో రేడియోలో వచ్చిన పాటలు తియ్యి. నలభై ఏళ్ల వయసులో ఆయన మెచ్చుకున్న గొప్ప కచేరీలు తర్వాత చూద్దాం.

ఇంకో సంగతి ఉంది, ఇది నా పరిశీలన కూడా. జీవితమంతా వింటూనే ఉన్న పాట ఏ ఒక్క రోజునీ పట్టుకురాదు. దాని మీద ఎన్నో రోజులు ఒకదానిమీద ఒకటి పేరుకుపోయి ఉంటాయి. ఒక కాలంలో విపరీతంగా విని, ఆ తర్వాత చెవిన పడకుండా పోయిన పాట ఆ కాలాన్ని చెక్కుచెదరకుండా దాస్తుంది. తాతయ్య రోజూ పొద్దున్నే వినే పాట పెడితే ప్రశాంతంగా ఉంటారు, అంతే. ఎవరూ పెద్దగా పట్టించుకోని, ఆ రోజుల్లో ఓ ఏడాది మోగి మాయమైన పాట పెడితే కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంటారు. అలాంటివి వెతకడం కష్టం. పెద్ద పెద్ద జాబితాల్లో ఉండవు. చిన్నతాతయ్యని అడగాలి.

చిన్నతాతయ్య అంటే గుర్తొచ్చింది. సైకిల్ కథ ఆయనకి ఫోన్లో చెప్పాను. పగలబడి నవ్వారు. "గొడుగా? మాకు గొడుగెక్కడిది? ఇద్దరం నిలువునా తడిసి వచ్చాం. ఈల వేసింది కూడా మీ నాన్నే" అన్నారు. ఎవరిది నిజమో నాకు తెలీదు, తేల్చాలని కూడా లేదు. జ్ఞాపకం బీరువాలో దాచిన వస్తువు కాదు, తీసిన ప్రతిసారీ కొత్తగా కట్టుకునేదే. పాట కూడా దాని రంగు దానికి అద్దుతుంది. సంతోషంగా సాగే పాటైతే తడిసి వణికిన రాత్రి కూడా సరదాగా మారిపోతుంది. నువ్వు ఆయన దగ్గర కూర్చున్నప్పుడు ఏదైనా చెబితే, అది నీకు తెలిసినదానికి భిన్నంగా ఉన్నా సరిచెయ్యకు. గొడుగు ఉందంటే ఉంది.

ఒక్క పాట మాత్రం నువ్వు పెట్టొద్దు. అమ్మమ్మ నాకు జడ వేస్తూ పాడేదే, అది. నీక్కూడా వచ్చు. అమ్మమ్మ పోయాక ఆ పాట ఎక్కడైనా మోగితే తాతయ్య లేచి బయటికి వెళ్లిపోయేవారు. నేనూ చాలా ఏళ్లు వినలేకపోయాను. మొదటి రెండు మాటలకే దువ్వెన పళ్లు మాడుకి తగిలిన స్పర్శ వచ్చేది, వెనకాల ఆవిడ మోకాళ్లు, ఆవిడ ఊపిరి. పాట బాగుందా లేదా అన్న ఆలోచనే ఉండేది కాదు, గొంతు పూడుకుపోయేది. తర్వాత్తర్వాత నా అంతట నేనే, తలుపేసుకుని, కొద్దికొద్దిగా విన్నాను. ఇప్పుడు వింటే ఏడుపొస్తుంది గానీ దాంతోపాటు ఆవిడా వస్తుంది. ఏడుపుని ఆపడానికి ఆవిణ్ని కూడా ఆపెయ్యడం నాకు ఇష్టం లేదు. కానీ అది నా నిర్ణయం. తాతయ్య తరఫున ఆ నిర్ణయం మనం తీసుకోకూడదు. ఎందుకు బాధేస్తోందో ఆయనకి తెలిసే అవకాశం కూడా ఇప్పుడు తక్కువ.

ఇది ఊరికే అనడం లేదు. 2014లో అయోవాలోనే అల్జీమర్స్ ఉన్నవాళ్లకి కాసేపు విషాదంగా ఉండే సినిమా ముక్కలు, ఇంకోసారి నవ్వించేవి చూపించారు. కొద్ది నిమిషాల్లోనే చాలామంది తాము చూసినదాన్ని మర్చిపోయారు. ఆ దిగులు మాత్రం పోలేదు. ఆ సంతోషమూ పోలేదు. కారణం మర్చిపోయాక కూడా మనసులో ఆ భావం ఉండిపోయింది. చిన్నీ, ఈ ఉత్తరంలో ఇంకేది మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకో. నువ్వు లేచి వెళ్లిన కాసేపటికే, నువ్వొచ్చిన సంగతే ఆయనకి తెలియకపోవచ్చు. కానీ నీ పక్కన కూర్చుని పాడుకున్న హాయి ఆయనలో ఉంటుంది. "ఈ పూట నాన్న హుషారుగా ఉన్నారేంటి" అని నేను అనుకుంటాను, ఆయనకీ ఎందుకో తెలీదు. నువ్వొచ్చావు కాబట్టి. ఆయన గుర్తుపెట్టుకుంటేనే నువ్వు రావడానికి అర్థం ఉంటుందని అనుకోవద్దు.

అలాగని పాటతో జబ్బు తగ్గుతుందని నీకు ఆశ పెట్టను. ఇలాంటి పరిశోధనల్ని పోగుచేసి 2018లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. సంగీతంతో చేసే చికిత్స దిగులుని, ప్రవర్తనలో వచ్చే ఇబ్బందుల్ని కొంత తగ్గించవచ్చని అందులో తేల్చారు. మతిమరుపు మీద మాత్రం పెద్దగా ప్రభావం ఉండదట. పాట అయిపోయాక ఆయన మళ్లీ కిటికీ వైపు తిరుగుతారు. మొన్న కూడా అంతే. ఆ పది నిమిషాలు ఆ పది నిమిషాలే. నేను వాటిని తక్కువగా చూడను.

సోషల్ మీడియాలో అప్పుడప్పుడు వస్తుంటాయి, పాట పెట్టగానే పెద్దాయన కళ్లు తెరిచి చప్పట్లు కొట్టే వీడియోలు. కింద లక్షల లైకులు. దయచేసి నువ్వు ఫోన్ ఆయన మొహానికి ఎదురుగా పెట్టకు. ఆయన ఏం చేస్తారా అని మనం ఎదురుచూస్తుంటే ఆయనకి తెలిసిపోతుంది, అది పరీక్షలా ఉంటుంది. మాటలు పోతున్నా మొహాలు చదవడం ఆయనకి పోలేదు.

అలాగే "ఈ పాట గుర్తుందా తాతయ్యా?" అని అడగొద్దు. చుట్టాలు వచ్చినప్పుడల్లా "నేనెవరో చెప్పండి చూద్దాం" అంటుంటే ఆయన మొహం ఎలా చిన్నబోతుందో నేను చూస్తున్నాను. గుర్తుందా అని అడిగితే లేదని ఒప్పుకోవాల్సి వస్తుంది. ఊరికే పెట్టు. నువ్వు కూడా విను. తెలిస్తే గొంతు కలుపు, తెలియకపోతే తాళం వెయ్యి. ఆయన ఏమైనా అంటే "ఆ తర్వాత?" అను చాలు. ఏమీ అనకపోతే అదీ మంచిదే. చేతుల్ని చూడు, పాదాల్ని చూడు. ఆయన దగ్గర సమాధానం ముందు అక్కడికే వస్తుంది. పాటకీ పాటకీ మధ్య కాస్త ఖాళీ వదులు. మొన్న సైకిల్ కథ వచ్చింది ఆ ఖాళీలోనే. పాట వెంట పాట దానంతటదే మొదలయ్యేలా ఉంటే అది ఆపెయ్యి. మధ్యలో ప్రకటన వచ్చి పెద్దగా అరిస్తే ఉలిక్కిపడతారు, అవి రాకుండా పాటలు ముందే దించుకుని తీసుకురా.

పొద్దున స్నానం అయ్యాక మంచి వేళ. సాయంత్రం అయ్యేసరికి కంగారు పెరుగుతోంది, అప్పుడు ఏ చప్పుడైనా ఎక్కువే అవుతుంది. టీవీ ఆఫ్ చేసి, ఒక్క పాటే వినపడేలా చూడు. సౌండ్ తక్కువతో మొదలుపెట్టి ఆయన మొహం చూస్తూ పెంచు. చెవిలోకి దూర్చే ఇయర్‌ఫోన్లు తీసి పారేస్తున్నారు. చెవి మీద మెత్తగా కూర్చునే హెడ్‌ఫోన్లు నీ దగ్గర ఉన్నాయి కదా, అవి తీసుకురా, ఒకసారి ప్రయత్నిద్దాం. కుదరకపోతే చిన్న స్పీకర్ ఉంది. మొహం ముడుచుకున్నా, చెయ్యి బిగుసుకున్నా వెంటనే ఆపి వేరే పాటకి వెళ్లు, ఎందుకని అడక్కు.

నీకు ఆ పాటలు తెలియవేమోనని భయపడుతున్నావు కానీ నీకు అనుకున్నదానికంటే ఎక్కువే తెలుసు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో 2013లో ఒక విచిత్రమైన సంగతి బయటపడింది. ఇరవై ఏళ్ల పిల్లలకి కొన్ని దశాబ్దాల పాటలు వినిపిస్తే, వాళ్ల సొంత కాలం పాటలతో పాటు వాళ్ల అమ్మానాన్నల యవ్వనంలో వచ్చిన పాటలు కూడా వాళ్లలో జ్ఞాపకాల్ని బలంగా కదిలించాయి. అంతకంటే ముందు తరం పాటల దగ్గర కూడా మళ్లీ ఒక చిన్న ఎత్తు కనిపించింది. ఇంట్లో పెద్దవాళ్లు వింటుంటే పిల్లల చెవిన పడి అలా నిలిచిపోతాయని వాళ్లు అనుకున్నారు. తాతయ్య రేడియో పెట్టుకుంటే నేను విన్నాను, నేను పనులు చేసుకుంటూ పాడుకుంటే నువ్వు విన్నావు. నేను పాడనక్కర్లేదని నువ్వు చెవులు మూసుకున్న రోజులు కూడా ఉన్నాయి. అయినా లోపలికి వెళ్లే ఉంటాయి. నువ్వు ఎక్కడ గొంతు కలిపావో నీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఇంకా ముందుకి కూడా వెళ్లొచ్చు. హెల్సింకీలో గర్భిణీల చేత చివరి నెలల్లో ఒకే చిన్న బాణీ మళ్లీ మళ్లీ పెట్టించారు. పుట్టాక, నాలుగు నెలల వయసులో మళ్లీ ఆ పిల్లలకి వినిపిస్తే, అంతకుముందు విననివాళ్లకంటే వాళ్ల మెదడు ఆ బాణీకి గట్టిగా స్పందించింది. నువ్వు కడుపులో ఉన్నప్పుడు తాతయ్య నా పక్కన కూర్చుని రోజూ సాయంత్రం ఏదో ఒకటి పాడేవారు. నీకు మొదట తెలిసిన మగగొంతుల్లో ఆయనది ఒకటి. ఆయన నిన్ను గుర్తుపట్టకపోవచ్చు. ఆ గొంతు నువ్వు గుర్తుపడతావు.

నా పాటలు కూడా ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. గాభరాపడకు, నాకేమీ కాలేదు. తాతయ్య పాటలు వెతకడానికి ఇంతమందికి ఫోన్లు చేస్తుంటే, ఈ శ్రమ నీకు ఎందుకు అనిపించింది. ఒక్కో పాట పక్కన అది దేన్ని తెస్తుందో రెండు ముక్కలు రాస్తున్నాను. నీ పరీక్షల ఏడాది నువ్వు తలుపు మూసుకుని వందసార్లు పెట్టుకున్న ఆ గోల పాట కూడా అందులో ఉంది. నాకు అప్పట్లో ఆ పాట నచ్చేది కాదు. ఇప్పుడు అది ఎక్కడ మోగినా నీ గది తలుపు కింద నుంచి అర్ధరాత్రి కనపడే లైటు గుర్తొస్తుంది, ఇంకా పడుకోలేదే అన్న ఆ బెంగ కూడా. పేజీ అయితే నింపాను. కొన్నిటి పక్కన ఏం తెస్తుందో రాయలేదు. అవి నావి.

వచ్చేలోపు నువ్వు చెయ్యాల్సినవి రెండే. చిన్నతాతయ్యకి ఫోన్ చేసి ఆ సైకిల్ రోజుల్లో రేడియోలో ఏం వచ్చేవో అడుగు. పేరు గుర్తులేకపోతే బాణీ కూనిరాగం తియ్యమను, నువ్వు రికార్డు చేసుకుని వెతుకు. పిన్నికి కూడా చెయ్యి, అమ్మమ్మ పక్క పాటలు దానికే బాగా తెలుసు, వాటిలో ఏవి పెట్టొచ్చో ఏవి వద్దో అదే చెబుతుంది. హెడ్‌ఫోన్ల చార్జర్ మర్చిపోకు, మన దగ్గర ఉన్నది దానికి పట్టదు.

ప్రేమతో,
మీ అమ్మ